టాకా

లేసు బాకీ రెండు లక్షల పైన.
ఏజెంటు కనకలింగం డబ్బుకి బదులు
తాళంచెవి చేతిలో పెట్టాడు.
స్టాండర్డ్ హెరాల్డ్, అరవై తొమ్మిది మోడలు.
నర్సాపురం రేవు వెనక షెడ్డులో
పద్నాలుగేళ్లుగా అందులో కోళ్ల కాపురం.

"ఇనుము కిలో ముప్పై, అమ్మేసుకో" అన్నారు అందరూ.
వేలు పెట్టి చూశాను.
డోరు కింద సుత్తి మొన ఆనించానంతే,
లోపలికి దిగిపోయింది.
చీకట్లో లోపల టార్చి పెడితే
ఎదురు గోడంతా చుక్కల వెలుగు.
ముప్పై ఏళ్లు లేసు అల్లినదాన్ని.
ఉప్పుగాలి అల్లిక నాకంటే సన్నం.

ఏసుపాదం లాంచీలకి రేకులు అతికిన మనిషి.
ఇప్పుడు చేతులు వణుకుతాయి, నోరు వణకదు.
స్టూలు మీంచి చెప్తాడు:
"ముందు బ్యాటరీ ఊడదియ్యి.
తుప్పు అయిపోయిందనుకున్న చోటు నించి
ఇంకో రెండు వేళ్లు దాటి కొయ్యి.
జాలిపడి కోసినోళ్లు
వానాకాలానికి మళ్లీ కోస్తారు."

కోశాను, మెరిసే రేకు కనపడేదాకా.
అరంగుళం మందాన మక్కు పెచ్చులూడింది.
దాని కింద పచ్చ తాటిచెట్టు!
ఎవరో డాల్డా డబ్బా కోసి మాసిక వేశారు,
వేలెడు వేలెడు దూరాన రివెట్లు.

ఏసుపాదం స్టూలు దిగాడు.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
"ఇది నేను కొట్టిందే.
వెల్డింగుకి పదిహేను అడిగా.
ఇంట్లో పెళ్లి, రంగు పడితే చాలని ఆరిచ్చారు."
సిగ్గో గర్వమో నాకు తెలీలేదు.
"రివెట్టు ఒక్కటి కదిలిందేమో చూడు."
కదల్లేదు.
చుట్టూ ఉన్న కారే కరిగిపోయింది.

అట్టముక్క మీద కొలత గీసి
ఇరవై గేజి రేకు కత్తిరించాను, రవికె గుడ్డలాగే.
కుట్టుకి వదిలే అంచు మాత్రం ఇక్కడ లేదు.
అంచుకి అంచు, నడుమ గోరుమందం సందు,
వెనక ఆనించి రాగిబద్ద.

"గన్ను ఎంతసేపు నొక్కాలి?"
"మీ చిన్నమ్మది ఆత్రేయపురం కదా.
పూతరేకు తీసేప్పుడు కాలే కుండ మీద
పిండిగుడ్డ ఎంతసేపుంచుద్ది?
అంతే."

అంటించి తీశాను. ఒక టాకా.
పక్కనే రెండోది వేయబోతే
కర్రతో నా చెయ్యి ఆపాడు.
"అటు చివరికి పో. తర్వాత నడిమికి.
మళ్లీ ఇటు.
వేడి ఒకచోట కూడిందంటే
రేకు అప్పడంలా లేస్తుంది.
అప్పుడింక ఏ సుత్తి మాటా వినదు."
చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగితేనే
దాని పక్కన ఇంకో టాకా.
లేసు పనిలో నన్నెవరూ ఇంత ఆగమనలేదు.
గజానికింత, తొందరగా కానీ అనేవాళ్లు.

మొదటిరోజు నాలుగు బొక్కలు పొడిచాను.
రెండోరోజు అతుకంతా పుల్లట్టులా చిల్లులు.
మధ్యాహ్నం సముద్రపు గాలి షెడ్డులోకి దూరి
గ్యాసుని ఎత్తుకుపోతోంది.
గుమ్మానికి తడక అడ్డం కట్టాను.
మూడోరోజు ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.
"ఆవాలు చిటపటమంటున్నాయి.
అదీ."

నా మాస్కులో ఆకుపచ్చ చీకటి,
చీకట్లో బియ్యపుగింజంత చెరువు,
అంచులు రెండూ కరిగి
దాంట్లోకి జారడం చూశాను.
ఎవరికి చెప్పను ఆ సంగతి?

ఆరింటికి రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిప్పుతారు.
షెడ్డులో బల్బు ఎర్రబడింది.
గన్ను దగ్గింది, తీగ రేకుకి అంటుకుపోయింది.
ఆపేశాను.
డోరు కింద ఇంకా జానెడు మిగిలింది,
అరగదియ్యాలి, జింకు రంగు పుయ్యాలి,
రెండో పక్క అసలు ముట్టుకోనేలేదు.

డాల్డా ముక్కని ఏసుపాదం
తువ్వాలులో చుట్టుకుంటున్నాడు.
నేను గ్యాసు సిలిండరు కట్టేస్తూ
అటే తిరిగి ఉండిపోయాను.
"పొద్దున తొమ్మిదికి కరెంటు బాగుంటది"
గుమ్మం దాటాక అన్నాడు.